ఒకే గూట్లో రెండు రిజిస్టర్లు: నల్లగొండ జిల్లా అధికారులకు బహిరంగ లేఖ

జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా వైద్యాధికారి గారికి, పశుసంవర్ధక శాఖాధికారి గారికి, అటవీ అధికారి గారికి నమస్కారాలు.

నలుగురికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా రాస్తే "ఇది మా శాఖది కాదు" అని ఒకరి నుంచి ఒకరికి తిరిగి చివరికి మా ఊరికే వస్తుంది. బహిరంగంగా ఎందుకంటే, ఇందులో గౌడన్నలకు, గొల్ల కురుమలకు, కోళ్లు పెంచుకునే ఆడవాళ్లకు కూడా చెప్పాల్సిన మాటలున్నాయి.

నేను దేవరకొండ డివిజన్‌లో గోపాలమిత్రను. బర్రెలకు, ఆవులకు ఎద సూదులు వేస్తాను. గాలికుంటు టీకాలప్పుడు, గొర్లకు నట్టల మందు తాగించేటప్పుడు డాక్టరు వెంట తిరుగుతాను. మా ఇంటామె ఆశా కార్యకర్త. మా ఇంట్లో గోడ గూట్లో రెండు రిజిస్టర్లుంటాయి. ఒకదాంట్లో చచ్చిన జీవాలు, ఇంకోదాంట్లో జ్వరమొచ్చిన మనుషులు. రెండూ ఒకే ఊరివి, ఒకే గల్లీవి, చాలాసార్లు ఒకే ఇంటివి. సాయంత్రమైతే ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. పొద్దున ఒకటి పశువుల దవాఖానకు, ఇంకోటి సబ్‌సెంటర్‌కు పోతాయి. మళ్లీ ఎక్కడా కలవవు.

పోయిన చలికాలం సంగతి చెబుతాను. మా పక్క తండాలో నాలుగు రోజుల్లో నలభైకి పైగా నాటుకోళ్లు చచ్చాయి. మెడలు వంకర పోయి, పచ్చగా పారి, పొద్దున లేచేసరికి గంప కింద పడి ఉండేవి. నేను చూసి కొక్కెర తెగులు అయ్యుంటుందని రాసుకున్నాను. అదే వారంలో మా ఇంటామె జ్వరాల సర్వేకు అదే తండాకు పోయింది. రాత్రి అన్నాల దగ్గర, "ఆ గల్లీలో ఏడుగురు పడుకున్నరు, ఏమో మరి" అంది. నా చేయి కంచంలో ఆగిపోయింది. ఆ ఏడుగురిలో ఐదుగురివి కోళ్లు చచ్చిన ఇళ్లే.

తెల్లారి నేను మా ఆఫీసుకు ఫోన్ చేశాను. కోళ్ల సంగతి చెప్పు, జ్వరాలు మాకెందుకన్నారు. ఆమె వాళ్ల పై వాళ్లకు చేసింది. కోళ్లు చస్తే పశువుల దవాఖానకు చెప్పుకోవాలన్నారు. ఎవరూ కోప్పడలేదు. ఎవరి పుస్తకం ప్రకారం వాళ్లు సరిగ్గానే మాట్లాడారు. శాంపిళ్లు తీసుకునేవాళ్లు ఆరో రోజు వచ్చేసరికి పూడ్చినవాటిని కుక్కలు తవ్వి తినేశాయి, తీయడానికి కోడి లేదు. జ్వరాల్లో ఒకటి డెంగీ అని తేలింది, మిగతావి వాటంతట అవే తగ్గిపోయాయి. అంటే ఏమీ కాలేదు. కానీ ఏమీ కాలేదని ఇప్పుడు చెప్పగలుగుతున్నాం. ఆ ఆరు రోజులు చెప్పలేకపోయాం. నేను ఆ కోళ్లను ఉత్త చేతులతో పట్టుకుని చూశాను కదా, ఆరు రోజులూ మా చిన్నోడిని దగ్గరికి రానియ్యలేదు. ఆ టెన్షన్ మీకు రాయడం కష్టం.

కొత్తగా పుట్టుకొస్తున్న రోగాల్లో నాలుగింట మూడు వంతులు జంతువుల నుంచి వచ్చేవేనని సైంటిస్టులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. ట్రైనింగుల్లో మాకూ చెబుతారు, ప్రొజెక్టర్ పెట్టి. కానీ ఆ ట్రైనింగులకు మా ఇంటామె రాదు, ఆమె ట్రైనింగుకు నేను పోను.

మలేషియాలో 1998లో జరిగింది చదివినప్పటి నుంచి నాకు మా తండా కోళ్లే గుర్తొస్తున్నాయి. అక్కడ పందుల ఫారాల్లో పనిచేసేవాళ్లకు జ్వరమొచ్చి, స్పృహ తప్పి చనిపోవడం మొదలైంది. మెదడువాపు కాబట్టి దోమలతో వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నారు. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. టీకా వేసుకున్నవాళ్లకూ వచ్చింది. ఆ దోమకాటు రోగం ఎక్కువగా పిల్లలకొస్తుంది, ఇక్కడ పడిపోతున్నది పందులను పట్టుకునే పెద్దవాళ్లు. మరోపక్క అవే ఫారాల్లో పందులు దూరానికి వినబడేలా దగ్గుతున్నాయి. పందుల దగ్గు ఒకరు వింటున్నారు, మనుషుల జ్వరం ఇంకొకరు చూస్తున్నారు. 1999 మార్చిలో అది కొత్త వైరస్ అని తేలింది. సుంగై నిపా అనే ఊరి పేరు మీద నిపా అన్నారు. అప్పటికి ఆలస్యమైంది. 265 మందికి సోకి 105 మంది పోయారు, పది లక్షలకు పైగా పందులను చంపారు. పందుల దొడ్ల మీదికి వంగిన పండ్ల చెట్లకు గబ్బిలాలు రావడం, అవి కొరికి పడేసిన పండ్లు పందులు తినడం, అలా మొదలైంది కథ.

మనకు ఇలాంటిది తెలియనిది కాదు. 2003 ఎండాకాలం తర్వాత ఉత్తర తెలంగాణ పల్లెల్లో పిల్లలు జ్వరమొచ్చి ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. ఉమ్మడి రాష్ట్రంలో 329 మంది పిల్లలకు వస్తే 183 మంది బతకలేదు. అప్పుడూ ముందు మెదడువాపు అనే అన్నారు. చివరికి అది చాందీపురా వైరస్ అని, ఇసుక ఈగలతో వస్తుందని తేలింది. నాగపూర్ దగ్గరి చాందీపురా అనే ఊళ్లో 1965లోనే కనిపెట్టిన వైరస్ అది. ముప్పై ఎనిమిదేళ్లు పుస్తకాల్లో పడి ఉంది.

ఇప్పుడు కల్లు దగ్గరికి వస్తాను. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. నల్లగొండోడిని అయ్యుండి కల్లు మీద మచ్చ వేశాడని గౌడన్నలు అనుకుంటారేమోనని భయం. అందుకే ముందే చెబుతున్నాను, మన దేశంలో మనుషులకు నిపా సోకింది ఇప్పటిదాకా బెంగాల్లో, కేరళలోనే. మన కల్లుతో ఎవరికీ ఏమీ కాలేదు. కల్లు మానమని నేను చెప్పడం లేదు, నేను కూడా మానలేదు.

కానీ బంగ్లాదేశ్‌లో ఈ రోగం మనుషులకు వచ్చే దారి ఈత చెట్టే. మన చలికాలం ఈదుల కల్లు ఏ చెట్టుదో అదే చెట్టు. వాళ్లు ఎక్కువగా పులియని నీరా తాగుతారు. రాత్రిపూట పండ్లు తినే పెద్ద గబ్బిలాలు వచ్చి గీత గీసిన చోట నాకుతాయి, కుండలో ఉచ్చ పోస్తాయి. అక్కడి పరిశోధకులు చీకట్లో పనిచేసే కెమెరాలు చెట్లకు కట్టి ఇదంతా ఫొటోలతో సహా చూశారు. పులిస్తే వైరస్ చచ్చిపోతుందిలే అనుకోవడానికి కూడా లేదు. పులిసిన కల్లు తాగినవాళ్లకూ అక్కడ సోకింది.

మా ఊరి గౌడ మామకు ఈ సంగతి కల్లు మండువా దగ్గర చెప్పాను. ఆయనకు అరవై దాటాయి, ఇంకా మోకు వేసుకుని ఎక్కుతాడు. నవ్వి, "గబ్బిలం నాకని లొట్టి ఉంటదా అల్లుడా, మా తాత కాలం నుంచి నాకుతనే ఉన్నయి" అన్నాడు. నిజమే. తర్వాత తనే చెప్పాడు, కొన్ని పొద్దుల్లో లొట్టిలో వెంట్రుకలు కనబడతాయని, గుడ్డతో వడగట్టి పోస్తారని. గుడ్డలో వెంట్రుక ఆగుతుంది, వైరస్ ఆగదు కదా మామా అన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. రేక నిండా పోసి నా చేతికిచ్చాడు. ఏం చేస్తాను, తాగాను.

గబ్బిలాలను చంపితే సరిపోతుంది కదా అని మండువాలో ఒక పిల్లగాడు అన్నాడు. ఇది చాలామంది అనుకునే మాట కాబట్టి రాస్తున్నాను. చంపితే, చెట్లు కొట్టేస్తే, మిగిలినవి బెదిరి కొత్త చోట్లకు చెదిరిపోతాయి. బెదిరిన గబ్బిలం నుంచి వైరస్ ఇంకా ఎక్కువ బయటికి వస్తుందని చెబుతారు. పైగా ఒక్క రాత్రిలో అవి మోసే విత్తనాలు మన ఊరి నర్సరీల వల్ల కూడా కావు. ఊరి రావిచెట్టుకు వేలాడుతున్నంతసేపు వాటితో మనకు పేచీ లేదు. లొట్టి దగ్గరే పేచీ.

దానికి బంగ్లాదేశ్ వాళ్లు చేసిన పని చాలా చిన్నది. గీత నుంచి కుండ మూతి దాకా కప్పేలా వెదురు తడిక లాంటిది అల్లి కట్టారు. గబ్బిలం మూతి పెట్టడానికి సందు లేదు. మన దగ్గర వెదురు లేకపోతే ఈత మట్టలున్నాయి, ఈత చాపలు అల్లే చేతులున్నాయి. ఈ చలికాలం మన జిల్లాలో రెండు మూడు గీత సొసైటీలతో, ఎక్సైజ్ శాఖను కూడా కూర్చోబెట్టుకుని, ఈ కప్పు కట్టి చూడొచ్చు. చెట్టుకు ఇంత అని కూలి ఇవ్వాలి, ఎందుకంటే రోజూ రెండుసార్లు అది విప్పి కట్టడం గౌడన్నకు అదనపు పని. ఇది రోగం వచ్చాక చేస్తే కల్లు మొత్తం బంద్ పెడతారు, వందల కుటుంబాలు రోడ్డున పడతాయి. రాకముందు చేస్తే "మా కల్లుకు గబ్బిలం తగలదు" అని బోర్డు పెట్టి అమ్ముకోవచ్చు. (టౌన్లలో మందు కలిపిన కల్లు సంగతి వేరు. దానికి గబ్బిలం అక్కర్లేదు.)

ఇదంతా దూరపు భయం అనుకుంటే ఒక మాట. 2020లో పుణె వైరాలజీ సంస్థ వాళ్లు మహాబలేశ్వర్ గుహల్లో గబ్బిలాలను పట్టి చూస్తే వాటిలో నిపా ఆనవాళ్లు దొరికాయి. మహాబలేశ్వర్ అంటే మన కృష్ణమ్మ పుట్టిన చోటు.

కోతుల సంగతి అటవీ అధికారి గారికి. మా మండలానికి ఒకపక్క సాగర్ వెనక నీళ్లు, ఇంకోపక్క అమ్రాబాద్ పులుల అడవి. శ్రీశైలం రోడ్డు పొడుగునా కార్లు ఆపి కోతులకు అరటిపండ్లు వేసేవాళ్లు మీకు రోజూ కనబడతారు. అడవి విడిచి ఊళ్ల మీద పడ్డ కోతులను వెళ్లగొట్టడానికి కొండముచ్చులను తెప్పించుకున్న ఊళ్లున్నాయి. కర్ణాటకలో షిమోగా వైపు కాసనూరు అడవిలో 1957లో కోతులు, కొండముచ్చులు వరుసగా చచ్చిపోయాయి. వెనకాలే మనుషులకు జ్వరాలు వచ్చాయి. కోతుల మీది పిడుదులు కరిస్తే వచ్చే వైరస్ అది. మనం గోమార్లు అంటామే, ఆ జాతివే. కోతి చచ్చి చల్లబడ్డాక పిడుదులు దిగి వేరే ఒంటిని వెతుక్కుంటాయి. యాభై ఏళ్లకు పైగా ఆ చుట్టుపక్కలే ఉన్న ఆ రోగం తర్వాత కేరళ, తమిళనాడు, గోవా, మహారాష్ట్ర అడవులకూ పాకింది. మన నల్లమలకు వస్తుందని నేను అనడం లేదు. వస్తే ముందు చెప్పేది కోతి అని మాత్రం అంటున్నాను.

మరి మన ఊళ్లలో కోతి చస్తే ఏం చేస్తాం? ఆంజనేయస్వామి అని పాడె కట్టి, పూలదండ వేసి, డప్పులతో భజనతో ఊరేగించి పూడుస్తాం. పిల్లలందరూ ముట్టి మొక్కుతారు. ఆ భక్తిని నేను తప్పు పట్టను, మా ఊరి కోతికి నేనూ భుజం పట్టాను. కరెంటు తీగ తగిలి చచ్చిన కోతి అయితే ఫర్వాలేదు. ఏ దెబ్బా లేకుండా ఒకటి కాదు రెండు చచ్చి పడి ఉంటే మాత్రం ఎవరూ ముట్టకముందు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు చెప్పాలి, ఆయన పశువైద్యుడికి చెప్పాలి, ఆ వారం ఆ ఊళ్లో జ్వరాలెన్ని అని ఆశాను అడగాలి. ఇందులో ఏ మెట్టూ మా ఊళ్లో ఎక్కడా రాసి లేదు.

ఇక కోళ్లు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల నుంచి బర్డ్ ఫ్లూ వార్తలు వచ్చాయి. తర్వాత మన పక్కనే చౌటుప్పల్ మండలంలో కూడా బయటపడింది. అప్పుడు చికెన్ కొనేవాడు లేడు, కొన్నిచోట్ల ఉచితంగా వండి పెట్టి మేళాలు చేశారు. అదే మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప ఈ వైరస్‌తో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని వార్తల్లో రాశారు. బాగా ఉడికిన కూరతో భయం లేదు, 70 డిగ్రీల వేడికి ఆ వైరస్ నిలవదు. భయమంతా కోసే చోట, బొచ్చు పీకే చోట. మన ఇళ్లలో కోడి కునుకుపాట్లు పడిందంటే ఏం చేస్తాం? చచ్చిపోతే దండగ అని ఆ పూటే కోస్తాం. కోసేదీ, పీకేదీ ఇంటి ఆడవాళ్లే, పక్కన పిల్లలు. ఏ పోస్టర్‌లోనూ నాకు ఈ మాట కనబడలేదు. "తూలే కోడిని కోయకు" అని మూడు మాటలు చాలు.

ఫారాల వాళ్ల కష్టం ఇంకోటి. బర్డ్ ఫ్లూ అని తేలితే కిలోమీటరు చుట్టుపక్కల కోళ్లను ప్రభుత్వమే చంపి పరిహారం ఇస్తుంది. ఇచ్చేది చంపిన కోళ్లకు, అప్పటికే చచ్చినవాటికి కాదు. ఖాయం చేసే పరీక్ష జరిగేది భోపాల్‌లో. శాంపిల్ పోయి, ఫలితం వచ్చేలోపు షెడ్డు ఖాళీ అయితే రైతుకు మిగిలేది గుంత తవ్విన ఖర్చు. అందుకే కోళ్లు తూలడం మొదలవగానే చాలామంది ఫోన్ పశువైద్యుడికి చేయరు, వ్యాన్ వాడికి చేస్తారు. తక్కువ రేటుకు రాత్రికి రాత్రే లోడు వెళ్లిపోతుంది, దాంతోపాటు రోగమూ వెళ్తుంది. ఆ రైతును నేను తిట్టలేను. ఫోన్ చేసిన గంట నుంచి చచ్చే ప్రతి కోడికీ ఎంతో కొంత ఇస్తామని చెప్పి చూడండి, ఫోన్లు ముందే వస్తాయి. ఇది మీ నలుగురి చేతుల్లో లేదని తెలుసు. పైకి రాయడమైతే మీ చేతుల్లో ఉంది.

గొర్ల గురించి కొంచెమే రాస్తాను. 2019 లెక్కల్లో గొర్లలో దేశంలో మొదటి రాష్ట్రం మనది. ఇటు మన జిల్లాలో, అటు మహబూబ్‌నగర్ వైపు మందలు మందలు. గొర్ల మూతి పుండ్లు కాపరి వేళ్లకు బొబ్బగా రావడం నేను చాలాసార్లు చూశాను. ఓర్ఫ్ అంటారు, అదీ వైరసే, కొన్ని వారాల్లో మానిపోతుంది. చిన్న రోగమే కానీ గొర్రె నుంచి మనిషికి దారి తెరిచే ఉందని చూపిస్తుంది. గోమార్లతో వచ్చే కాంగో జ్వరం 2011లో గుజరాత్‌లో బయటపడి, రోగిని చూసిన డాక్టరును, నర్సును కూడా పొట్టన పెట్టుకుంది. ఆ వైరస్ ఉన్న పశువు మామూలుగా మేస్తూ తిరుగుతుంది, ఏ లక్షణమూ ఉండదు. కాబట్టి గోమార్లను వేళ్లతో చిదమొద్దని కాపరులకు చెబుతుంటాను. వింటారు, చిదుముతారు.

అన్నీ మనకు రావని కూడా చెప్పేవాళ్లు కావాలి. 2022లో పశువులకు లంపీ (ఒళ్లంతా గడ్డలు లేచే చర్మరోగం) వచ్చినప్పుడు మా దగ్గర రెండు వారాలు పాలు పోయించుకునేవాడు లేడు. లంపీ మనుషులకు రాదు. గొర్లకొచ్చే పారుడు రోగమూ, నీలి నాలుకా రావు. ఈ మాట ఆశా నోట వచ్చి ఉంటే జనం నమ్మేవాళ్లు, ఎందుకంటే మనుషుల సంగతి ఆమెకు తెలుసంటారు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను చెబితే, పాలోళ్ల తరఫున మాట్లాడుతున్నానన్నారు.

మేము అడిగేది పెద్ద బిల్డింగ్ కాదు. మనుషుల, జీవాల, అడవి ఆరోగ్యాన్ని కలిపి చూడటానికి ఢిల్లీలో నేషనల్ వన్ హెల్త్ మిషన్ అని పెట్టారు, మంచిదే. అది దేవరకొండ దాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుందో గానీ, ఈలోపు మీ సంతకంతో అయ్యే పనులున్నాయి. ఆశా జ్వరాల సర్వేలో ఒక ప్రశ్న కలపండి: మీ ఇంట్లో, గల్లీలో జీవాలు, కోళ్లు, కోతులు, కాకులు ఊరకే చచ్చాయా? నా రిజిస్టర్‌లో ఒక గడి గీయండి: ఈ ఇంట్లో ఎవరికైనా జ్వరమా? రెండింటికీ ఒకే గల్లీలో అవునని వస్తే, పీహెచ్‌సీ డాక్టరుకు, పశువైద్యుడికి అదే రోజు ఫోన్ పోవాలి, మర్నాటికల్లా ఐస్ పెట్టెతో ఎవరో ఒకరు రావాలి. ఫలితం ఏదైనా మాకూ చెప్పాలి. జీవాలకు 1962, మనుషులకు 108 ఉన్నాయి, ఆ రెండు నంబర్ల వెనకున్న మనుషులకు ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉంటే చాలు.

పెద్ద దవాఖానల్లో స్పృహ లేకుండా వచ్చిన ప్రతి జ్వరం కేసులో "ఏం పని చేస్తాడు, ఇంట్లో ఏ జీవాలున్నాయి, ఏం తాగాడు" అని ఇంటోళ్లను అడిగి కేసు షీటు మీద రాయండి. 2001లో బెంగాల్లోని సిలిగురిలో 66 మందికి సోకి 45 మంది చనిపోయారు, చాలామందికి ఆస్పత్రుల్లోనే అంటుకుంది. అది నిపా అని తేలడానికి ఏళ్లు పట్టింది. 2018లో కోజికోడ్‌లో త్వరగా పట్టుకున్నారు కాబట్టి 17 మంది మరణాలతో ఆగింది, చనిపోయినవాళ్లలో ఒకరు రోగికి సేవ చేసిన నర్సు.

మాకు గ్లౌజులు ఇవ్వండి. ఇది కొంచెం సిగ్గుగా అడుగుతున్నాను. బర్రె కడుపులో చేయి పెట్టడానికి ఇచ్చే పొడుగు గ్లౌజులు కాదు, చచ్చిన కోడిని పట్టుకోవడానికి మామూలువి, మాస్కులతో కలిపి. మాకూ, ఊరి పారిశుద్ధ్య కార్మికులకూ కుక్కకాటు టీకా ముందుగానే వేయించండి. చచ్చిన కుక్కను ఈడ్చేది వాళ్లే.

ఈ ఉత్తరం మా ఇంటామె చదివింది. "మీటింగ్ సంగతి రాయలేదు" అంది. ప్రతి నెలా పీహెచ్‌సీలో ఆశాలకు మీటింగ్ ఉంటుంది. నేను ఆమెను బండి మీద దింపి, అయిపోయేదాకా బయట వేపచెట్టు కింద కూర్చుంటాను. కొన్నిసార్లు మా పశువైద్యుడు కూడా ఆ దారినే పోతూ ఆగి నాతో మాట్లాడి వెళ్తారు. లోపల డాక్టరు గారు జ్వరాల లెక్కలు చూస్తుంటారు. వచ్చే నెల మమ్మల్నిద్దరినీ లోపలికి పిలవమని ఆయనకు ఒక ఆర్డర్ పంపండి. కుర్చీలు లేకపోతే నిలబడతాం.

ఇట్లు,
దేవరకొండ డివిజన్ నుంచి ఒక గోపాలమిత్ర, ఒక ఆశా కార్యకర్త